తోడు దొరకని ప్లగ్గు

“పానియా! ఇంతటి మెదడు ఒక వ్యాను బానెట్‌లోకి వంగడం మా హోకియాంగా ప్రాంతం చరిత్రలోనే మొదటిసారి! రాసిపెట్టుకో!”

ఈ ప్రకటన చేసింది మా అక్క మొగుడు మెర్విన్ బావ. వంగింది నా వ్యానులోకి. ముప్పై ఏళ్ళు ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్ల రీడింగులు రాసుకుని రిటైరయ్యాడు. జనం ఇళ్ళలోకి అన్నేళ్ళు తొంగిచూశాడు కాబట్టి తను పుట్టు డిటెక్టివునని తేల్చుకున్నాడు. అంతవరకూ ఛేదించిన కేసు ఒక్కటే. మా అక్క కోళ్ళగూట్లో గుడ్లు మాయమవడం. మూడు వారాలు పొదల్లో దాక్కుని నిఘా వేశాక, కోళ్ళు ముసలివైపోయాయని తేలింది.

ఈసారి కేసు నా వ్యాను. మా హోహేపా బాబాయ్‌కి కిడ్నీలు పనిచెయ్యవు. మంగళ, గురు, శనివారాలు పట్నం ఆసుపత్రిలో డయాలసిస్. పొద్దున్నే ఆరింటికి బయల్దేరాలి. ఆ తిరుగుళ్ళకి పాత ఇంజిను ప్రాణం విడిచింది. మా పెదనాన్న కొడుకు తాపే, ఎక్కడో గుద్దుకుని మూలనపడ్డ ఇంకో వ్యాను ఇంజిను, గేర్‌బాక్సుతో సహా తెచ్చి దీంట్లో దింపాడు. పాతదానికి గేర్లు వాటంతటవే మారేవి. కొత్తదానికి క్లచ్ తొక్కి మార్చాలి.

“ఇంజిను వైర్ల ప్లగ్గులన్నిటికీ పేర్లు రాసి చీటీలు కట్టానక్కా. చూసి దేనిది దానికి తగిలించు, అంతే” అని చెప్పి, తాపే చేపల పడవెక్కి రెండు వారాలకి సముద్రం మీదికి పోయాడు.

సోమవారం నేను షెడ్డులోకొచ్చేసరికి బావ గొట్టం పట్టుకుని ఇంజినుకి తలస్నానం చేయిస్తున్నాడు.

“బావా! చీటీలు!”

“సాక్ష్యాల మీద మురికి ఉండకూడదు పానియా.”

చీటీలు గంజిలా కారిపోయాయి.

ఆకారాలు చూసి, రంగులు చూసి, నోట్లో స్క్రూడ్రైవర్ పెట్టుకుని ఆలోచించి, మంగళవారం సాయంత్రానికి పధ్నాలుగు ప్లగ్గుల్లో పదమూడింటికి జత కుదిర్చాం. ఒక్కటి మిగిలింది. బూడిదరంగుది, లావుపాటి వైర్లు రెండు. వ్యాను వైర్ల గుత్తిలోంచి వేలాడుతోంది గానీ, కొత్త ఇంజిను మీద దానికి సరిపోయేది ఎక్కడా లేదు. తాళం తిప్పితే బండి టిక్ అని కూడా అనలేదు.

బావ భూతద్దం తీశాడు.

“హత్య” అన్నాడు.

“ఎవరిది?”

“దీని తోడుది. దీనికి జోడీ ఉండాలి. లేదంటే ఎవరో మాయం చేశారన్నమాట. ఈ వైర్ల వెనక ఏదో వైరం ఉంది పానియా!”

“నీకూ బుద్ధికీ ఉన్నపాటి వైరం ఇంకెక్కడా ఉండదులే. ముందు బండి సంగతి చూడు.”

బుధవారం మధ్యాహ్నం నోటుపుస్తకం చంకన పెట్టుకుని పక్కింటి బెరిల్ అక్క దగ్గరికెళ్ళాడు. ఆపుదామని వెనకాలే పరిగెత్తాను. ఎందుకంటే బండి పాడైనప్పట్నుంచీ బాబాయ్‌ని నేను ఆసుపత్రికి తీసుకెళ్తోంది బెరిల్ అక్క కారులోనే. నేను చేరేసరికే విచారణ మొదలైపోయింది.

“సోమవారం సాయంత్రం నాలుగింటికి మీరెక్కడున్నారు?”

“మీ షెడ్డు దగ్గర. రొట్టె ఇవ్వడానికొచ్చా.”

“అంటే నేరస్థలంలో ఉన్నట్టు ఒప్పుకున్నారు!”

“ఆ రొట్టె సగం తిన్నది నువ్వేగా ఏమయ్యా?”

“దర్యాప్తు అధికారికి లంచం!” రాసుకున్నాడు. “మీ గోళ్ళలో ఆ నలుపేంటి? గ్రీజా?”

“మట్టి. బంగాళాదుంపలు తవ్వుతున్నా.”

“దాచినదాన్ని తవ్వుతున్నారా? బెరిల్ గారూ, ఆ దొంగిలించిన ప్లగ్గు మర్యాదగా ఇచ్చెయ్యండి. ఈ కేసుకీ మీకూ ఏదో కనెక్షన్ ఉంది!”

బెరిల్ అక్క తట్ట కింద పెట్టింది. నా వైపు తిరిగి చెయ్యి చాపింది.

“నా కారు తాళాలు ఇటివ్వు పానియా.”

“అక్కా, ఆయన మాట పట్టించుకోకు…”

“డెబ్భై ఏళ్ళొచ్చాయి. దొంగా అని ఇంతవరకూ ఒక్కరూ అనలేదు. ఇవ్వు.”

ఇచ్చాను. మర్నాడే గురువారం. పోయినేడు వరదలప్పుడు ఒక్క రోజు తప్పితేనే బాబాయ్ కాళ్ళు దిమ్మల్లా వాచి, ఊపిరి కోసం మంచం మీద కొట్టుకున్నాడు. ఆ రాత్రి చూసిందాన్ని నేను.

విషయం విని బాబాయ్, “ఒక్క పూట తప్పితే ఏం కాదులే తల్లీ” అన్నాడు, తన పాదాలకేసి చూసుకుంటూ. ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. నా మొహం చూడలేక కాబోలు, “రేడియోలో గుర్రప్పందేలు వినాలి” అంటూ మెల్లిగా వెళ్ళి వ్యానులో కూర్చున్నాడు.

బావ మాత్రం మా అక్క కనుబొమల పట్టకారు ఎత్తుకొచ్చి, పక్కనుంచి బానెట్‌లోకి వంగి, ప్లగ్గు నోట్లోకి దూర్చాడు.

“నేరస్థుల ఆనవాళ్ళు ఎప్పుడూ లోపలే…”

సరిగ్గా అప్పుడే బాబాయ్ రేడియో కోసం తాళం చివరిదాకా తిప్పేశాడు. పట్టకారు రెండు కొసలూ రెండు ఇత్తడి పిన్నులకి తగిలాయి.

ఇంజిను గుర్రుమని లేచింది. తాపే బండిని గేరులోనే వదిలేశాడేమో, వ్యాను కప్పలా ఎగిరి ముందుకు దూకి, కట్టెల మోపుకి గుద్దుకుని ఆగిపోయింది. బావ పక్కకెగిరి పంది కుడితి తొట్టిలో పడ్డాడు. “కాలింది! కాలింది!” అని ఒకటే కేకలు. పట్టకారు వేళ్ళకి వాత పెట్టింది. బాబాయ్ కిటికీలోంచి తల బయటపెట్టి, “రేడియో ఏదీ?” అన్నాడు.

చప్పుడుకి బెరిల్ అక్క కంచె దాటి వచ్చింది. తొట్టినీ, కట్టెల్నీ, ప్లగ్గునీ వరసగా చూసింది.

“ఇది పాత గేర్‌బాక్సుది. బండి గేరులో ఉన్నప్పుడు స్టార్టవ్వకుండా ఆపేది. దీని తోడు ఆ పాత గేర్‌బాక్సుతోనే పోయింది. ఈ రెండు వైర్లూ కలిపేసి టేపు చుట్టు. ఇక మీదట క్లచ్ తొక్కకుండా ఎవరూ తాళం ముట్టుకోకండి.”

“ఇదంతా నీకు ముందే తెలుసా అక్కా?”

“ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపాను, రిపేర్లూ నేనే చేసుకున్నాను. సోమవారం రొట్టె తెచ్చినప్పుడు, వేలాడుతున్న ఈ ప్లగ్గు చూసి ఇదే చెప్పబోయా. నేరస్థలానికి పది అడుగుల దూరంలో నిలబడమన్నాడు ఈ మహానుభావుడు.”

అందరం తొట్టిలోకి చూశాం. బావ చెవి మీంచి బంగాళాదుంప తొక్క తీసుకున్నాడు.

“దర్యాప్తుల్లో కొన్ని అనివార్య పరిస్థితులు…”

“మెర్విన్!” అన్నాడు బాబాయ్.

“తప్పయిపోయింది బెరిల్ గారూ. మిమ్మల్ని ఆ మాట అనకుండా ఉండాల్సింది.” తొట్టి అంచు పట్టుకుని లేచాడు. “కానీ కేసు ఛేదించింది మాత్రం నా పట్టకారే.”

ఆమె నవ్వాపుకోలేక అటు తిరిగింది. టేపు ఆమే చుట్టింది.

గురువారం ఆరింటికి బయల్దేరాం. దారిలో బండి మొరాయిస్తే చూడ్డానికి బెరిల్ అక్క తోడొచ్చింది. వేళ్ళకి కట్టుతో బావ కూడా ఎక్కాడు, రమ్మని ఎవరూ అనకపోయినా.

ఆసుపత్రిలో నర్సు బాబాయ్‌ని పడుకోబెట్టి, మిషను సర్దుతోంది. బావ కిందికి వంగాడు.

“పానియా, ఈ ఎర్ర గొట్టం ఇటు పోతోంది సరే. మరి ఈ నీలం మూత దేనిదంటావ్?”

బెరిల్ అక్క ఆయన చొక్కా కాలర్ పట్టుకుంది. బాబాయ్ కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి నర్సుని ఆపాడు.

“ముందు వాణ్ణి బయట కూర్చోబెట్టమ్మా. మిషను తర్వాత వేద్దువుగాని.”