పొదచాటు పిట్ట

ఆ ఉదయం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరూ లేవకముందే గుడారంలోంచి బయటపడాలి, చొక్కా కింద చిన్న పార దాచుకుని కొండవాలు ఎక్కాలి, పని కానిచ్చుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి పడుకోవాలి. ఊరందరి నోళ్ళూ తెరిపించే ఆ మనిషికి ఇలాంటి విషయాల్లో మాత్రం నోట్లో నాలుక ఉండదు. అందులోనూ కాబోయే మామగారి ముందు!

ఈ కొండదారి నడక పెట్టిందే ఆ మామగారు. పిల్లనిచ్చే ముందు కుర్రాణ్ణి నాలుగు రోజులు అడవిలో చూడాలని ఆయన పట్టు. ముందొచ్చిన సంబంధం, వాగు పక్కన ఓ కాగితం వదిలేసినందుకే చెడిపోయింది.

"అడవిలో బయటికెళ్తే వాగుకి రెండొందల అడుగుల ఎడం ఉండాలి. జానెడు లోతు గొయ్యి తవ్వి, మట్టి కప్పాలి. తుడుచుకున్న కాగితం సంచీలో వెనక్కి తేవాలి. ఇది చేతకానివాడు సంసారమేం చేస్తాడు?" అని రాత్రి చలిమంట దగ్గర పాఠం కూడా చెప్పారు.

తెల్లవారుజామున డాక్టరు గుడారం దాటి రెండడుగులు వేశాడో లేదో, వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఎక్కడికి డాక్టరుగారూ, ఇంత పొద్దున్నే?"

"అదీ... పిట్టలు చూద్దామనండీ."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మామగారి మొహం వెలిగిపోయింది. "ముందే చెప్పరేం మరి! నాకూ పిట్టలంటే ప్రాణం!" అంటూ దుర్భిణి అందుకుని, కూతుర్నీ, తన వెంట వచ్చిన ఇద్దరు స్నేహితుల్నీ లేపేశారు.

అందరూ వాగు ఒడ్డున ఓ పొదచాటుకు చేరారు. "గొంతుక్కూర్చోండి. కదలకూడదు," అని మామగారు గుసగుసలాడారు. డాక్టరు ఆ క్షణంలో కూర్చోకూడని తీరు లోకంలో అదొక్కటే. నుదుట చెమట పట్టింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశావా అమ్మా, పిట్టలంటే ఎంత ప్రేమో!" అని కూతురితో అని, మామగారు ఇటు తిరిగారు. "ఇంతకీ ఏ పిట్ట కోసమండీ?"

"ప... పచ్చ పిట్టండీ."

ఇక అతని వల్ల కాలేదు. లేచి వాలు మీదికి పరుగందుకున్నాడు.

"కనబడింది! పదండి!" అంటూ మామగారు వెంటపడ్డారు. ఆయన వెనక మిగతావాళ్ళు. వాలు సగం ఎక్కేసరికి డాక్టరుకి తలప్రాణం తోకకొచ్చింది. వెనక్కి తిరిగి కొండలు మారుమోగేలా అరిచాడు.

"పిట్టా లేదు, గిట్టా లేదు! నాకు రెంటికొస్తోంది! దయచేసి రాకండి!"

అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. సంబంధం చెడిందనే అనుకున్నాడు డాక్టరు. ఏడుపొచ్చింది గానీ, ఏడవడానికీ తీరిక లేదు.

కాసేపటికి తల వంచుకుని దిగివచ్చాడు. ఒక చేతిలో పార, ఇంకో చేతిలో మూతి బిగించిన సంచీ.

"అబద్ధం చెప్పానండీ. సిగ్గేసింది. మీకిష్టం లేకపోతే..."

"గొయ్యి?" అన్నారు మామగారు.

"జానెడండీ."

"కాగితం?"

డాక్టరు సంచీ చూపించాడు. మామగారు వాగు ఒడ్డునున్న పొదను చూశారు, తర్వాత ఎక్కడో పైనున్న వాలును చూశారు.

"పక్కనే అంత పొద ఉంది. ప్రాణం మీదికొచ్చినా ఆ వాలు మీదికే పరిగెత్తావు!" అన్నారు. "వెళ్ళి చేతులు కడుక్కో అల్లుడూ. వాగులో కాదు, సీసా నీళ్ళతో."

అతను సబ్బు కోసం గుడారం వైపు నడిచాక, నవ్వాపుకోలేక అవస్థ పడుతున్న కూతురి దగ్గరికి వెళ్ళి మెల్లగా అన్నారు:

"శుభ్రమైన కుర్రాడమ్మా. పిట్టల గురించి మాత్రం ఏమీ తెలీదు."