రూప్లాకు మూడు కాన్పులు

రోగం నయమైతే ఎంత, కాకపోతే ఎంత! దవాఖానాకు ముఖ్యం రికార్డు. అదీ ఎటు లాగితే అటు సాగే రికార్డు.

భద్రాచలం అడవి అంచున ఒక దవాఖానాలో ప్రసూతి విభాగానికి అలాంటి డేటాబేస్ తయారు చేసిన కమిటీలో నేనూ ఉన్నాను. కాబట్టి నా మాట నమ్మండి.

పాత రిజిస్టర్‌లో ఏముండేది? పేరు, ఊరు, నెలలు, ఏ మందు పడదో నర్సు రాసిన ఒక ముక్క. ఇప్పుడో! ఏ అధికారి ఏ కాలమ్ అడిగితే అది చేర్చాం. ఇంటి పైకప్పు రేకులా, పెంకులా? మేకలున్నాయా? మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారు? ఈ చివరిది నొప్పులు పడుతుండగానే నింపాలి.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టాం. ఒక ఫోన్ నంబరుకు ఒకే రోగి. మరి తండాలో సిగ్నల్ అందే ఫోను ఆటో నడిపే రూప్లా ఒక్కడిదే అయితే? ఆడవాళ్లంతా ఆయన నంబరే ఇచ్చారు. మా డేటాబేస్ విసుక్కోకుండా అందరినీ రూప్లాలోనే సర్దింది. పోయిన నెలలో రూప్లాకు మూడు కాన్పులయ్యాయి. తల్లీ బిడ్డలు క్షేమం.

ఎనిమిదో నెల పరీక్షకు రమ్మని మెసేజ్ వస్తే పాపం, ఆటో పక్కన పెట్టి వచ్చాడు కూడా.

"సర్కారోళ్లు పిలిచిండ్రు. రాకుంటే ఏమంటరో అని వచ్చిన" అన్నాడు.

ఇంత క్రమశిక్షణ గల గర్భిణి జిల్లాలో ఇంకెవరైనా ఉన్నారా?

మొన్న అదే తండా నుంచి కమ్లి నొప్పులతో వచ్చింది. మొదటి కాన్పులో ఒక సూది పడక చావు తప్పించుకున్న మనిషి. ఆ సంగతి రికార్డులో భద్రంగా ఉంది, రూప్లా పేరు కింద. రూప్లా నంబరు కొడితే రూప్లాయే వస్తున్నాడని, పాపం కంప్యూటర్ ఆపరేటర్ భార్గవి తన సొంత నంబరు వేసి కమ్లికి కొత్త రికార్డు తెరిచింది. మేకల కాలమ్‌తో సహా అన్నీ ఖాళీ. నర్సు సూది ఎత్తింది.

"జర ఆగక్కా" అంది కమ్లి, మంచం కమ్మి గట్టిగా పట్టుకుని. "పోయినసారి ఒక సూదిస్తే ఊపిరాడలే. గదేనేమో సూడు."

భార్గవి రూప్లా రికార్డు తీసి చూస్తే అదే సూది. నర్సు చేయి దింపి వేరే మందు తెచ్చింది. ఆడపిల్ల పుట్టింది. డేటాబేస్ విజయవంతమైందని మా కమిటీ తీర్మానించి టీ తాగింది.

కమ్లి ఆ రోజు స్పృహ లేకుండా వచ్చి ఉంటే? టీ తాగుతుండగానే నాకీ అనుమానం వచ్చింది. అందుకే ఇంకో నియమం ప్రతిపాదించాను, ఏకగ్రీవంగా ఆమోదించారు కూడా. రోగి మాట్లాడగలిగే స్థితిలోనే దవాఖానాకు రావాలి. రాలేనివాళ్లకు మా డేటాబేస్ బాధ్యత వహించదు.