కొనబోయే వాళ్ళావిడ

నవ్వండి, నవ్వండి. మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. రేపటి నుంచి సాయంత్రం పూట ఈ టీ కొట్టు దగ్గర నేను కనిపించను. ఎందుకు కనిపించనో చెప్పకుండా పోతే మీరు ఇంకా ఘోరమైనవి ఊహించుకుంటారు.

పాత ఇల్లు చౌకగా కొనాలి, నాలుగు మరమ్మతులు చేయించాలి, మంచి లాభానికి అమ్మేయాలి. ఇదీ నా పథకం. దాచుకున్నదంతా తీశాను. చాలక, మేముంటున్న ఫ్లాటును బ్యాంకులో తాకట్టు పెట్టాను. మా ఆవిడ వద్దంది. ఆవిడ వద్దన్నవన్నీ మానేసుంటే నేను ఈపాటికి హాయిగా ఉండేవాణ్ణి.

ఇల్లు చూపించింది ఒక బ్రోకరు. చూపించిన ప్రతి కొంపనూ బంగారం అంటాడు కాబట్టి ఆయన పేరే బంగారం అయిపోయింది. "సార్, ఇది ఇల్లు కాదు, బంగారం" అన్నాడు. నేను తల పైకెత్తితే ఇంటి కప్పులోంచి ఆకాశం కనిపించింది. "వెలుతురు చూశారా, ఎలా వస్తోందో!" అన్నాడు.

అడ్వాన్సు జేబులో పెట్టుకుని ఒక సలహా కూడా ఇచ్చాడు.

"డబ్బు ఇచ్చేది మగాడే అయినా, కొనాలా వద్దా అని తేల్చేది వాళ్ళావిడ సార్. వంటింట్లోకి వెళ్ళి ఆవిడ మొహం చిట్లించిందా, బేరం పోయినట్టే."

అక్కడ నా బుర్ర పాదరసంలా పనిచేసింది. మొహం చిట్లించడంలో మా ఆవిడను మించినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. ఆవిడకే నచ్చేలా చేయిస్తే ఇక ఏ ఆడమనిషి కాదంటుంది? వెంటనే తీసుకెళ్ళి ఆ ఇంటి మధ్యలో నిలబెట్టాను.

"ఏమోయ్, కాసేపు నువ్వు నా భార్యవని మర్చిపో."

"చాలాసార్లు ప్రయత్నించానండీ. కుదరడం లేదు."

"నువ్వు కొనబోయే వాళ్ళావిడవి అనుకో. ఇల్లు చూడ్డానికి వచ్చావు. ఏం నచ్చలేదో మొహమాటం లేకుండా చెప్పు."

"నిజంగానే చెప్పమంటారా?"

"నిజంగానే."

"తర్వాత నన్ననకూడదు."

"అనను."

ఆ మాటతో నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

మొదట వంటగట్టు దగ్గర నిలబడింది. అది ఆవిడ ఛాతీ దాకా వచ్చింది. "కూర కలపాలంటే పీటెక్కాలి" అంది. మేస్త్రిని పిలిచాను. ఏ పని చెప్పినా రేపే అంటాడు కాబట్టి అతన్ని రేపటి మేస్త్రి అంటాం. అమ్మగారు చెప్పారనేసరికి అతగాడు ఆ రోజే గునపం అందుకున్నాడు. గట్టు దిగింది. దాంతోపాటు పైన అలమరాలు కూడా దిగాయి.

తర్వాత సింకు కిటికీ కిందికి జరగాలంది. సింకు జరిగితే గొట్టాలు జరిగాయి. గొట్టాల కోసం నేల పగిలింది. నేల పగలగొట్టాక కిటికీయే బాగాలేదని తేలింది.

ఒక పడకగది చూసి, "ఇది కుట్టుమిషన్‌కి బావుంటుంది" అంది.

"కొనబోయే వాళ్ళావిడ బట్టలు కుడుతుందా?"

"కుట్టదని మీకెలా తెలుసు?"

నాకెలా తెలుస్తుంది? గోడకు మరో కిటికీ పెట్టించాను.

ఇంకో గది ముందు ఆగి, దీనికి విడిగా స్నానాలగది ఉండాలంది.

"ఎందుకు?"

"కొనబోయే వాళ్ళావిడకి అమ్మ ఉండదా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల మొగుడు ఈ లోకంలో ఇంకా పుట్టలేదు. స్నానాలగది లేచింది. ఈలోగా నా జీతం వచ్చిన రోజునే వడ్డీకి వెళ్ళిపోతోంది. ఒకరోజు తట్టుకోలేక సిమెంటు బస్తా మీద కూర్చుని నిజంగానే ఏడ్చేశాను.

"ఏవండీ, అక్కడ కూర్చుని ఏడవకండి. బస్తా గట్టిపడుతుంది" అంది మా ఆవిడ.

మొత్తానికి ఇల్లు పూర్తయింది. మా ఆవిడ ప్రతి గదీ తిరిగింది. ఎక్కడా మొహం చిట్లించలేదు. పెళ్ళయ్యాక అలాంటిది చూడటం నాకదే మొదలు. ఇక అమ్ముడుపోయినట్టే అనుకున్నాను.

మొదట వచ్చినావిడ పొడగరి. వంటింట్లో అడుగుపెడుతూనే అలమరా తలకు కొట్టుకుంది. "ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చుని వండుతారా?" అని అడిగి వెళ్ళిపోయింది. రెండోవాళ్ళు పడకగదుల కోసం వెతికి వెతికి అలిసిపోయారు.

మూడోసారి వచ్చిన జంటలో ఆవిడ పొట్టిది. నా ప్రాణం లేచొచ్చింది. వంటిల్లు నచ్చింది, మిషన్ గది నచ్చింది. ఆఖరి గది చూసి వాళ్ళాయన, "విడిగా స్నానాలగది కూడానా! ఎవరికిది?" అన్నాడు.

"మీ అత్తగారికి సార్!" అన్నాడు బంగారం హుషారుగా.

ఆయన భార్య చెయ్యి పట్టుకుని వెనక్కి చూడకుండా గేటు దాటాడు.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. బ్యాంకువాళ్ళు మాత్రం ఫోన్ మీద ఫోన్ చేశారు. రెండిళ్ళలో ఒకటి అమ్మకపోతే రెండూ పోతాయని తేలిపోయింది. నాకు అన్నం సయించడం మానేసింది.

"పోనీ, ఫ్లాటు అమ్మేద్దాం" అంది మా ఆవిడ, బియ్యం ఏరుతూ.

నడిచివెళ్ళేంత దూరంలో ఆఫీసు, మెట్లు దిగితే మీరందరూ. నాకు ఈ లోకంలో ఉన్న సుఖమంతా ఆ ఫ్లాటులోనే ఉంది. "పెచ్చులూడిన ఈ కొంపని ఎవరు కొంటారే?" అన్నాను, ఎవరూ కొనకూడదనే ఆశతో.

ఆదివారం బంగారం ఒక జంటను తెచ్చాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. పరాయి ఆడమనిషి మొహం చిట్లించాలని నేనంతగా ఎప్పుడూ కోరుకోలేదు. గోడల నిండా ఉన్న చెమ్మని నేనే చూపించాను. బాత్‌రూం తలుపు సరిగా మూసుకోదని కూడా చెప్పాను.

"పర్లేదండీ, మేం బాగు చేయించుకుంటాం" అంది ఆవిడ నవ్వుతూ. పక్క గదిలో వాళ్ళాయన అప్పటికే అడ్వాన్సు ఇస్తున్నాడు.

నిన్న ఊరికి ఆ చివరనున్న ఆ ఇంటికి సామాను చేరవేశాం. మా ఆవిడ గిన్నెలు అలమరాల్లో ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు సర్దుకున్నాయి. మిషన్ కిటికీ పక్కన కుదిరింది. మా అత్తగారైతే లారీ కన్నా ముందే వచ్చి తన గదిలో పడుకున్నారు. నేను నా పడక్కుర్చీ నెత్తిన పెట్టుకుని గది గదికీ తిరిగాను. హాల్లో వేస్తే దారికి అడ్డం అంది. వరండాలో వేస్తే తలుపు తెరుచుకోదంది.

"ఇంతా చేయించాను. ఈ ఇంట్లో నాకు చోటెక్కడే?" అని అరిచాను.

మా ఆవిడ జాలిగానే చూసింది.

"కొనబోయే వాళ్ళావిడకి ఏం కావాలో అడిగారు, చెప్పాను. కొనబోయే ఆయనకి ఏం కావాలో మీరెప్పుడైనా అడిగారా?"

అడగలేదర్రా. ఆ కొనబోయే ఆయన నేనేనని నాకేం తెలుసు?