నలుపు-తెలుపు తెర

ఆదివారం పొద్దున కోహరు వేసుకున్న పథకం చిన్నదే. తాతయ్య త్సునేజిరో హీరోగా చేసిన ఒకే ఒక్క సినిమాని, ఆయనకి చెప్పకుండా, మధ్యాహ్నం వీధి సభామందిరంలో వేయాలి. కత్తి దూయని సమురాయ్‌ని ఎవడు చూస్తాడని అప్పట్లో దాన్ని వారానికే ఎత్తేశారు. "మన వీధివాళ్ళయినా ఒక్కసారి చూసుంటే బాగుండేదే" అని ఎనభై ఆరేళ్ళ తాతయ్య ఇప్పటికీ టీ తాగుతూ గొణుగుతాడు.

పాత సినిమా అంటే ఎవరూ రారు. అందుకే కోహరు వీధి గ్రూపులో "రెండింటికి తాతయ్య కోసం అందరూ రండి" అని మాత్రమే పెట్టింది. మందిరం సామాన్ల గదిలో రెండు చారల తెరలు దొరికాయి. ఒకటి ఎరుపు-తెలుపు, ఒకటి నలుపు-తెలుపు. సినిమా ఎలాగూ నలుపు-తెలుపే కదా, మ్యాచింగ్ కుదిరిందనుకుని రెండోది వీధంతటికీ కనపడేలా గుమ్మానికి కట్టేసింది. లోపల వేదిక మీద తాతయ్య పాత ఫొటో పెట్టింది. ఆయన్ని తయారై రమ్మని సెలూన్‌కి తరిమింది.

రెండయ్యేసరికి హాలు నిండింది. అందరూ నల్లబట్టల్లోనే వచ్చారు. టోఫు కొట్టు మత్సుయే ఫొటో ముందు తెల్ల చేమంతులు పెట్టి కోహరు చేతులు పట్టుకుంది.

"నిన్ననేగా తల్లీ, టోఫు గట్టిగా ఉందని నన్ను తిట్టి వెళ్ళారు!"

"ఆయనెప్పుడూ అంతేగా పిన్నీ," అంది కోహరు. ఇంత అభిమానమా అని ఆమెకీ కళ్ళు చెమర్చాయి. దీపాలు ఆర్పేసింది.

పరామర్శకొచ్చి ధూపం వెలిగించకుండా లేచిపోవడం మర్యాద కాదు కాబట్టి ఎవరూ కదల్లేదు.

సినిమాలో ఇద్దరు సమురాయ్‌లు ఒకరినొకరు చంపుకోవడానికి బయల్దేరారు. దారిలో ఏరు పొంగింది. పడవ లేదు. వాన తగ్గేదాకా ఒకే సత్రంలో, ఒకే గదిలో, ఒకే కుండలో గంజి తాగారు. ఏరు తీసింది. ఇద్దరూ ఒడ్డున ఎదురెదురుగా నిలబడ్డారు, చాలాసేపు. తర్వాత వంగి దణ్ణాలు పెట్టుకుని చెరో దారి పట్టారు. అంతే. అప్పటిదాకా మర్యాదకి ఏడుస్తున్న హాలు అక్కడ నిజంగా ఏడ్చింది.

"ఇన్నాళ్ళూ పక్కింట్లోనే ఉన్నారే! ఒక్కనాడైనా అడిగి చూశామా!" మత్సుయే ముక్కు చీదింది.

వెనక వరసలో కూడా ఎవరో వెక్కుతున్నారు. కోహరు దీపం వేసింది. నల్లకోటులో తాతయ్య!

"సెలూన్‌కి సంతాపం బోర్డు పెట్టుంటే, ఇంటికెళ్ళి కోటేసుకొచ్చా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నా సినిమా అంటే అంత ఇష్టమున్న మనిషి... పాపం, పోయిందెవరమ్మా?"

కేకలు. ఇద్దరైతే చెప్పుల్లేకుండానే వీధిలో పడ్డారు. అందరికంటే ముందు మత్సుయే తేరుకుంది.

"కంప్యూటర్లు చదివావు గానీ, చావుకి కట్టే తెర ఏదో తెలీదుటే పిచ్చిమొహమా! శుభానికైతే ఎర్రది!" తర్వాత తాతయ్య వైపు తిరిగింది. "చివర్లో మీరు పెట్టిన ఆ దణ్ణం..." ముక్కు తుడుచుకుంది. "రేపట్నుంచి టోఫు మెత్తగా చేస్తాలెండి."

తాతయ్య సినిమాలోలాగే వంగి దణ్ణం పెట్టాడు.

మళ్ళీ వేయాల్సిందేనని వీధంతా పట్టుబట్టింది. తర్వాతి ఆదివారం కోహరు జాగ్రత్తగా ఎరుపు-తెలుపు తెర కట్టింది. ముగ్గురొచ్చారు.

ఆ పై ఆదివారం పొద్దున్నే తాతయ్య నలుపు-తెలుపు తెరని స్వయంగా ఇస్త్రీ చేసి తెచ్చాడు.