మిక్సీల నానోడాట్లు

కోరుట్ల కాలేజీల ఫిజిక్సు చెప్పే శ్రీశైలం సారు ఊకె ఉండే మనిషి గాదు. రేపు జగిత్యాలల సైన్సు ప్రదర్శన. "నానోడాట్లు చేసి చూపిస్త" అని ప్రిన్సిపాల్ కరుణాకర్‌కు మాటిచ్చి కూసున్నడు. మాట తప్పితే కాలేజీల పరువు పాయె.

భార్య శోభ సిరిసిల్ల తల్లిగారింటికి పోయింది. ఇంకేంది! ఆమె కొత్త మిక్సీల పెన్సిల్ పొడి, నీళ్లు, గుప్పెడు సర్ఫు పోసి గిర్రున తిప్పిండు. నల్లనురుగు పొంగి గోడెక్కింది.

వడగట్టి, దొంగనోట్లు చూసే లైటు కొట్టిండు. నీళ్లు నీలంగ మెరిసినయి! సారు చిందేసుకుంట, స్పీకర్ పెట్టి ప్రిన్సిపాల్‌కు ఫోన్ కొట్టిండు.

"సార్, అయిపోయింది! మెరుస్తున్నయి!"

గప్పుడే శోభ లోపలికి అచ్చింది.

"ఏందయ్యా గిది? నా మిక్సీ బొగ్గుబాయిల పడ్డదా?"

సారు ఫోన్ గట్టు మీద పెట్టి ఎదురుంగ నిలవడ్డడు. "కోపం చెయ్యకు శోభా. పెన్సిల్ ముల్లు రొట్టెల దొంతి లెక్క పొరలు పొరలుంటది. పొరలూడదీసి, కంటికి కనవడనంత చిన్న ముక్కలు చేస్తే గిట్ల మెరుస్తయి, గవే నానోడాట్లు. నీళ్లల్ల ఇనుముంటే మెరుపు తగ్గుతది. మన బోరు నీళ్లల్ల ఇనుమున్నదా అని గూడ చూడొచ్చు!"

"మెరిసేది పెన్సిలేనని ఎట్ల తెలుసు?"

"కండ్లకు కనవడ్తలేదా?"

శోభ లైటు గుంజుకొని సారు బనియన్ మీద కొట్టింది. బనియన్ నీలంగ మెరిసింది.

"గిండ్ల గూడ పెన్సిల్ నూరినవా?"

శోభ గిలాసెడు నీళ్లల్ల చిటికెడు సర్ఫు కలిపి లైటేసింది. ఆ నీళ్లు ఇంకింత మెరిసినయి.

"తెల్లబట్టకు మెరుపు మందు పెట్టుడు సిరిసిల్లల చిన్నప్పటి సంది చూస్తున్న. సర్ఫుల గూడ గదే ఉంటది. పెన్సిల్ లేకుంట ఒక్కసారన్న చూడాలె గద సారూ?"

సారు మొఖం మాడిపోయింది. గట్టు మీద నుంచి ఎవరో పగలబడి నవ్విండ్రు. సారు ఫోన్ కట్ చేసుడు మర్శిపోయిండు!

"శ్రీశైలం సారూ, రేపు మేడంను పంపున్రి," అన్నడు కరుణాకర్. "పెన్సిల్ కలిపిందొకటి, ఉత్త సర్ఫుదొకటి, రెండు గిలాసలు పక్కపక్కకు పెట్టి పిల్లలకు గిదే చూపించుమనున్రి. మీరు ఇంటికాడనే ఉండున్రి."

తెల్లారి శోభ పట్టుచీర కట్టి జగిత్యాల బస్సుకు బయలెల్లింది. సారుకు సిగ్గయింది, కానీ పెండ్లాం తెలివికి లోపల మస్తు సంబురంగనే ఉన్నది.

"శోభా, ఆడ నా ముచ్చట గూడ చెప్తవు గద?"

"చెప్పకెట్ల? ఎవరన్న అడిగితే, ఇంటికాడ మిక్సీ తోముతుండని చెప్త."