రాజయ్య కట్టిన గాలి తోవ

పదకొండు గంటలకు నవనీతకు ఇంట్లోంచే వీడియోలో ఇంటర్వ్యూ. కంప్యూటర్లు మొరాయించినవాళ్లకు ఫోన్లోనే మరమ్మతు చెప్పే కొలువు. అందుకని తెల్లారగానే తన పాత లాప్‌టాప్‌ను ఆన్ చేసి చూసుకుంది. సరిగ్గా పది నిమిషాలకు అది పెనంలా కాలి, గుయ్యిమని అరిచి, ఆరిపోయింది. మూడుసార్లు చూసినా అంతే.

"ఇగ నా కొలువు పాయె!" అని తల పట్టుకుంది.

తండ్రి రాజయ్యకు మాత్రం ఎక్కడలేని హుషారు వచ్చింది. మంచిర్యాల దగ్గరి బొగ్గుబాయిలో ఇరవై రెండేళ్లుగా గాలి ఫ్యాను చూసే మనిషాయన. బాయిలో ఏ మూలకు ఎంత గాలి పోవాలో తనకు తప్ప ఇంజనీర్లకు కూడా తెలియదని ఆయన నమ్మకం.

"బాయిల పరదాలు కట్టి గాలిని మల్పుతం బిడ్డా. గీ డబ్బా ఎంత! ఫికర్ వెట్టకు."

కూలరు నుంచి బల్లదాకా గాలి పక్కకు పోకుండా భార్య కోమల పట్టుచీరలు కట్టాడు. ఆ గాలి బయటికి పోకుండా మిగిలినవి గుమ్మానికీ కట్టాడు. అవి చూసి ఎదురు క్వార్టరు అనసూర్య నలుగురిని వెంటేసుకుని దిగింది.

"ఏం వదినా, పిల్లను చూడొస్తుండ్రా? మాకు చెప్పకనేపోతివి!"

"ఎవ్వలొస్తలేరు వదినా. లాప్‌టాపుకు గాలి కోసం కట్టిండు మీ అన్న."

"దాస్తున్నవా మాతోని?" అంటూ అనసూర్య కూర్చుంది. నలుగురూ కూర్చున్నారు. చాయ్‌కి పొయ్యి వెలిగింది. గది ఉడికిపోయింది.

పదకొండైంది. తెరమీద కంపెనీ శ్యాంసుందర్ సారు ప్రశ్నలు మొదలుపెట్టాడు. తొమ్మిదో నిమిషంలో లాప్‌టాప్ గుయ్యిమంది. నవనీత కంగారుగా అడుగున చేయి పెడితే ఏదో జిగటగా తగిలింది. వంచి చూస్తే, గాలి చిల్లులన్నిటిమీదా నల్లటేపు!

"బాపూ! గిదెవ్వలు అంటిచ్చిండ్రు?"

"నేనే, మొన్న. బొగ్గు దుమ్ము జొర్రద్దని."

"పీకు జల్ది!"

"టేపు మంచిగనే ఉన్నది. కూలరే సాలుతలేదు."

నవనీత పళ్లు కొరుక్కుని, గొంతు తగ్గించింది. "బాపూ, బాయిల గాలి లోపటికి వొయ్యే తోవ, బయటికొచ్చే తోవ రెండూ మూస్తే ఏమైతది?"

"ఇంకేమున్నది, మనుషులు మిగుల్తరా?"

"మరి?"

రాజయ్య గబుక్కున వంగాడు. గోటితో టేపు పరపరా పీకాడు. మోత తగ్గింది. పదో నిమిషం దాటింది. పదకొండోదీ దాటింది. లాప్‌టాప్ ప్రాణంతోనే ఉంది!

అప్పుడు గుర్తొచ్చింది నవనీతకు, సారు ఇదంతా వింటున్నాడని.

"సార్, మా బాపు జర..."

"గిట్ల ఇననోళ్లే రోజుకు యాభైమంది మాకు ఫోన్ చేస్తరమ్మా. నువ్వు మాటతోనే టేపు పీకిచ్చినవు, నిన్ను ఇంకేం అడుగుత? సోమవారం వచ్చి చేరు."

ఆ సాయంత్రం రాజయ్య, కూతురికి కొలువు తానెట్లా పెట్టించాడో చెప్పడానికి కాలనీలో ఇల్లిల్లూ తిరిగాడు.