తొంభై నాలుగు బి కోసం విచారంగా చూడవలెను

ఒక జాతి నాగరికతను కొలవడానికి దాని కోటలూ వంతెనలూ చూడనక్కర్లేదు. ఆ జాతి తన ప్రాంతీయ దినపత్రికలో ఎంత క్రమశిక్షణతో ముఖం మాడ్చుకోగలదో చూస్తే చాలు. ఈ లెక్కన వేల్స్ ప్రపంచంలోకెల్లా ముందుంది. దాన్ని వెనక్కి లాగినవాళ్ళం మేమిద్దరమే.

మా దినపత్రిక పేరు 'మార్నింగ్ బీకన్'. నూట యాభై ఏళ్ళ కిందట, రేవుకు ఏ ఓడ వచ్చిందో, ఏ గనిలో ఎంత బొగ్గు తవ్వారో చెప్పడానికి పుట్టింది. కార్డిఫ్ నడిబొడ్డున ఐదంతస్తుల మేడ, నేలమాళిగలో సొంత అచ్చుయంత్రం, నూట నలభై మంది విలేకరులు. తర్వాత పత్రిక అభివృద్ధి చెందింది. ముందు మూడంతస్తులకు అభివృద్ధి చెందింది, ఆపైన ఒక అంతస్తుకు, ఆపైన ఒక జిమ్ మీది గదికి. ఇప్పుడు అద్దె ఆఫీసులో కిటికీ పక్కన బల్ల ఒకటి ఉంది (మంగళ, గురువారాల్లో మాత్రమే, మిగతా రోజుల్లో అది యోగా నేర్పే కంపెనీది). పేజీలు ఇంగ్లండులోని స్విండన్‌లో కూరుస్తారు. అచ్చు ఇంకా దూరాన. అందుకని రేపటి పేపరు ఇవాళ మధ్యాహ్నం రెండున్నరకే ముగుస్తుంది. ఆ తర్వాత వేల్స్‌లో ఏమీ జరగదు. జరిగినా, ఎల్లుండికి గాని జరిగినట్టు కాదు.

మాకు పెళ్ళయి నాలుగు నెలలు. నితిన్ ఇక్కడి ఆస్పత్రిలో డాక్టరు. రోటా అనే డ్యూటీల కాగితం ప్రకారం బతుకుతాడు. నేను యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. అతను ఇంటికి వచ్చేసరికి నేను నిద్రలో ఉంటాను. సెలవు రోజున అతను నిద్రలో ఉంటాడు. మేమిద్దరం ఒకేసారి మెలకువగా, తీరిగ్గా ఉండేది ఉదయం ఏడూ పదికి కొండ దిగే 94బి బస్సులోనే. పై అంతస్తు, ముందు సీటు, ముప్ఫై నాలుగు నిమిషాలు. నేను టిఫిన్ డబ్బా తెరుస్తాను. రెండో మలుపులో ఒక చెట్టుకొమ్మ వచ్చి అద్దాన్ని కొడుతుంది. అద్దం అవతలే కదా అని తెలిసీ ఇద్దరం తల వంచుతాం. రోజూ వంచుతాం. నాకు తెలిసినంతలో సంసారమంటే ఇదే.

ఆ బస్సును రద్దు చేయాలని దాన్ని నడిపే కంపెనీకి ఆలోచన వచ్చింది. ముందుగా ప్రజాభిప్రాయం తెలుసుకోవడం చట్టం గనక, ప్రైస్ గారిని 'ప్రజా విచార కొలతల అధికారి'గా నియమించింది. ఆయన ఉత్తరాలు చదవరు. చదివితే పక్షపాతం వస్తుందట. బీకన్‌లో పడిన ఫొటోలు మాత్రం చూస్తారు. ఫొటోలో జనం ఎంత విచారంగా ఉంటే బస్సు అంత అవసరమన్నమాట. పేజీలో రెండు కాలమ్‌ల విచారానికి గంటకో బస్సు. మూడు కాలమ్‌లు, ఒక పసిబిడ్డ, ఒక కుక్క ఉంటే ఆదివారాలు కూడా.

పక్కింటి సదాశివం అంకుల్ ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడున్న రిటైర్డ్ డాక్టరు. రోడ్డు గుంతల పక్కనా, చెత్తబుట్టల పక్కనా నిలబడి బీకన్‌లో పధ్నాలుగు సార్లు పడ్డారు. మా తరఫున ఆయన్నే నిలబడమన్నాను.

"నా కోటా అయిపోయిందమ్మా సిరీ. ఏడాదికి ఒక మనిషి ఏడుపు మొహం మూడుసార్లే. ఫిబ్రవరికల్లా చెత్తబుట్టలకే వాడేశాను."

"అయితే మాకు నేర్పండి అంకుల్."

"చేతులు కట్టుకో. గడ్డం దించు. పాస్‌పోర్టు ఫొటో మొహం పెట్టు."

"అందులోనూ నవ్వాను. రెండుసార్లు తిప్పి పంపారు."

ఆయన నితిన్ వైపు తిరిగారు. "నువ్వన్నా నీ రోటా తలుచుకో నాయనా."

"ఎల్లుండి సెలవు అంకుల్" అన్నాడు నితిన్, ముఖం వెలిగిపోతుండగా.

ఆ సెలవు రోజునే బీకన్ తరఫున ఫయాజ్ వచ్చాడు. వరంగల్ అతను, కార్డిఫ్‌లో జర్నలిజం మాస్టర్స్ చేసి, ఇప్పుడు ఆ పత్రికకు విలేకరి, ఫొటోగ్రాఫరు, క్రీడా సంపాదకుడు (రాశిఫలాలు అదనం). మధ్యాహ్నం ఒకటీ యాభైకి 94బిలోనే వచ్చి దిగాడు.

"అక్కా, నవ్వొద్దు. పండ్లు కనవడ్తె గురువారం 'శుభవార్తలు' పేజీకి పోతది. గక్కడికి పోతె ప్రైస్ సార్ సూడడు. ఏలుతోని బస్సును సూపెట్టాలె."

"బస్సు లేదుగా ఇప్పుడు."

"లేకుంట పోయే జాగనే సూపెట్టు."

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. మా పెళ్ళికి తెనాలి నుంచి వంశీ అనే ఫొటోగ్రాఫరు, ఇద్దరు సహాయకులు, ఒక డ్రోను వచ్చారు. పెళ్ళికి ముందు రెండు రోజులు, పెళ్ళి మూడు రోజులు, తర్వాత ఇంకొక రోజు ('అనంతర జ్ఞాపకాలు') మా చేత సాధన చేయించారు. ఆనాటి నుంచీ కెమెరా పైకి లేస్తే నితిన్ చెయ్యి దానంతటదే నా భుజం మీదికి వస్తుంది. నా తల దానంతటదే పక్కకు వాలుతుంది. ఇద్దరం ఎక్కడో లేని సూర్యాస్తమయం వైపు చూస్తాం.

ఫయాజ్ కెమెరా ఎత్తాడు. మేం సూర్యాస్తమయం వైపు చూశాం.

"అన్నా, నువ్ జరంత దూరం జరుగు."

నితిన్ దూరం జరిగి, అక్కణ్ణుంచి నా వైపు చూశాడు. వంశీ దీన్ని 'తొలిచూపు' అనేవాడు.

"గిట్లయితే ఇంక ఖరాబైతాంది. దగ్గరికే రా."

అరవై ఫొటోలయ్యాయి. గోడ మీద మోచేతులానించి చూస్తున్న సదాశివం అంకుల్‌కు ఓపిక నశించింది. "బస్సు పోయిందనుకోమ్మా!"

అనుకున్నాను. గడ్డం దానంతటదే దిగింది కూడా. సరిగ్గా అప్పుడే నిజం బస్సు మలుపు తిరిగింది. పైన ముందు సీటు ఖాళీగా ఉంది. ఇద్దరం ఒకేసారి చెయ్యి ఊపాం. ఫయాజ్ నొక్కేశాడు. టైము రెండూ ఇరవై ఆరు.

"గిదే పంపుత అక్కా. ఉన్నవాట్ల గిదే జర తక్కువ సంతోషం."

స్విండన్‌లో పేజీలు కూర్చే మనిషికి (పద్దెనిమిది పత్రికలు, ఒక్క మనిషి) వార్త చదివే వ్యవధి ఉండదు. ఫొటో చూసి శీర్షిక పెడతారు. మర్నాడు ఏడో పేజీలో మేమిద్దరం మూడు కాలమ్‌లలో చేతులూపుతున్నాం. పైన: '94బికి వీడ్కోలు: ఆనందంలో నవదంపతులు.'

వెంటనే ప్రైస్ గారి ఉత్తరం వచ్చింది. ఇంతటి ఏకగ్రీవ సమ్మతి కంపెనీ చరిత్రలో ఇదే మొదలని, మాకు కృతజ్ఞతలని. నేను ఫోన్ చేసి మాకు ఆ బస్సు కావాలని చెప్పాను. ఫొటోలో అలా లేదు మేడమ్ అన్నారాయన, ఎంతో మర్యాదగా. బీకన్ సవరణ కూడా వేసింది. ముప్ఫై ఎనిమిదో పేజీలో, వాడిన పియానోల ప్రకటన కింద: 'నవదంపతుల ఆనందం ఫొటో తీసిన క్షణానికి మాత్రమే వర్తించును.'

సోమవారం బస్సు ఆగిపోయింది. నితిన్ ఇప్పుడు అయిదున్నరకే, కింది వీధిలో ఉండే నర్సు ఆదిలక్ష్మి గారి కారులో వెళ్ళిపోతున్నాడు. నేను లేచేసరికి అతని వైపు దుప్పటి మడతపెట్టి ఉంటుంది.

ఆ వారమే ఫయాజ్ మళ్ళీ వచ్చాడు, కొండెక్కి, రొప్పుతూ. బస్టాపు స్తంభం కూడా పీకేసిన చోట నేను నిలబడ్డాను. చేతులు కట్టుకోమని, గడ్డం దించమని ఎవరూ చెప్పలేదు. ఒకే ఒక్క ఫొటో తీశాడు. కెమెరా తెర మీద దాన్ని పెద్దది చేసి చూసుకున్నాడు.

"అక్కా, గిసొంటి మొహం నేనెన్నడు సూడలె. సదాశివం సార్‌తోని గూడ కాదు."

వార్త మాత్రం పడలేదు. ఒకే బస్సుకు ఒకే మనిషివి రెండు ముఖాలు వేస్తే పాఠకులు గందరగోళపడతారట. అలాగని పత్రిక దేన్నీ వృథా పోనివ్వదు. ఫొటోను భద్రపరిచి అద్దెల పెరుగుదలకు ఒకసారి, వానలకు ఒకసారి, దంతవైద్యుల కొరతకు ఒకసారి వేసింది (దాంతో ఈ ఏడాదికి నా కోటా కూడా అయిపోయింది). నితిన్ ఆస్పత్రి క్యాంటీన్‌లో ఆ పేజీలు చింపి, మడతపడకుండా దాచుకుంటున్నాడు. ఈ వారంలో అతను నన్ను కళ్ళు తెరిచి ఉండగా చూసింది ఆ దంతవైద్యుల కొరతలోనే.